అంకెల కొలువు

మన యిరుగుపొరుగు ఇండ్లలో ఉద్యోగము చేయుచున్న ఆడుపిల్లలు నేడు పెక్కుమంది కలరు. ఒకతె వైద్యురాలనియు, ఇంకొకతె ఉపాధ్యాయిని యనియు చెప్పినచో వారు చేయు పని వెంటనే మన కన్నులకు గట్టును. కాని "మా పిల్ల డేటా అనలిస్టు" అని తల్లి చెప్పినప్పుడు వినువారు తలయూచి యూరకుందురు. చెప్పిన తల్లికిని అంతకు మించి తెలియదు గనుక "ఏదో కంప్యూటరు పని లెండి" అని మాట మార్చును. హైదరాబాదు, విశాఖపట్టణము, బెంగుళూరు మొదలగు నగరములలోని వర్తక సంస్థలలోను, బ్యాంకులలోను, బీమా కంపెనీలలోను మన స్త్రీలెందరో ఈ కొలువున నుండగా, ఆ పని యెట్టిదో యింటివారికే తెలియకపోవుట బాగుగా లేదు. పిల్ల యేమి చేసి యలసి వచ్చుచున్నదో తెలిసినగదా ఆ యలసటకు విలువ కట్టగలుగుదుము!

మొదట నొక భేదమును గ్రహింపవలెను. వర్తకుల యిండ్లలో గుమాస్తాలు అనాదిగా నున్నవారే. వారు చిట్టా వ్రాయుదురు, ఆవర్జా కెక్కింతురు, సంవత్సరాంతమున లాభనష్టములు తేల్చి యజమానికి చూపుదురు. జరిగినదానిని తప్పు లేకుండ వ్రాసినచో గుమాస్తా ధర్మము తీరినది. అనలిస్టు పని అక్కడనే మొదలగును. ఈ దసరాకు అమ్మకములు తగ్గినవి సరే, అన్ని యూళ్లలోను తగ్గినవా, ఒక్క యూరనే తగ్గినవా? కొనువారు రానేలేదా, వచ్చియు కొనక మరలిపోయిరా? మరలిపోయినవారు ధర విని పోయిరా, కోరిన రంగు దొరకక పోయిరా? ఇట్లు ప్రశ్న వెనుక ప్రశ్న వేయుచు, వ్రాసియుంచిన లెక్కలనుండియే సమాధానము రాబట్టి, "ఇందుచేత నిట్లు జరిగినది, ఇకమీద నిట్లు చేయవచ్చును" అని యజమానికి చెప్పుటయే ఆమె కొలువు. అంకెలను పోగుచేయుటకు యంత్రములున్నవి. అంకెలను ప్రశ్నించుటకు మనిషి కావలెను.

ప్రశ్నించుట యనగా నేమో తెలియుటకు ఒక యుదాహరణము చెప్పెదను. ఇది మన దేశములో జరిగినది.

1947లో ఢిల్లీ నగరమున మతకల్లోలములు చెలరేగినప్పుడు అల్పసంఖ్యాకులు గుంపులు గుంపులుగా ఎర్రకోటలో తలదాచుకొనిరి. వారికి అన్నము పెట్టు భారమును ప్రభుత్వము గుత్తదారుల కప్పగించినది. లోపల నెంతమంది యున్నారో యెవరికిని తెలియదు. ఆ సమయమున లోనికి బోయి తలలు లెక్కించుట సాధ్యము కాదు. గుత్తదారులు తెచ్చిన బిల్లుల ప్రకారము డబ్బు చెల్లింపవలసి వచ్చుచుండెను. ఆ బిల్లులు రోజు రోజునకు పెరుగుచుండెను. అప్పుడు ప్రభుత్వమువారు గణాంక శాస్త్రజ్ఞుల నాశ్రయించిరి. వారికి దొరకిన యాధారమెల్ల గుత్తదారుల లెక్కయే: ఇన్ని బియ్యము, ఇంత పప్పు, ఇంత ఉప్పు.

మనిషి యొక్కనికి దినమునకు బియ్యమెంత కావలెనో, పప్పెంత, ఉప్పెంత కావలెనో కుటుంబముల ఖర్చులను గూర్చిన సర్వేలవలన వారికి తెలియును. మొత్తము బియ్యమును ఒక్క మనిషి బియ్యముచేత భాగించిరి. జనసంఖ్య వచ్చెను. పప్పును భాగించిరి, ఉప్పును భాగించిరి. మూడు లెక్కలును ఒక్కటి కావలసినవి, కాలేదు. బియ్యము చెప్పిన జనసంఖ్య అన్నిటికంటె పెద్దది. ఉప్పు చెప్పినది అన్నిటికంటె చిన్నది. దేనిని నమ్మవలెను?

ఇల్లు నడపు స్త్రీ కీ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు శాస్త్రము చదువ నక్కరలేదు. చేతివాటము గల వంటమనిషి నేతిలో చేయి పెట్టును గాని ఉప్పులో పెట్టునా? ఉప్పు చౌక. దానిని హెచ్చించి వ్రాసినందువలన గుత్తదారునకు లాభములేదు. కావున ఉప్పు లెక్కయే సత్యమునకు దగ్గర యని వారు నిర్ణయించిరి. ఈ యుపాయమును కనిపెట్టిన వారు జె. ఎం. సేన్‌గుప్తా.

ఈ వృత్తాంతమును తమ "స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్" అను గ్రంథమున వ్రాసి లోకమునకు తెలిపినవారు మన తెలుగువారైన కల్యంపూడి రాధాకృష్ణ రావుగారు. వీరు 1920లో బళ్లారి ప్రాంతమందలి హడగలిలో జన్మించి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము చదివి, కలకత్తా చేరి, ఇరువదియైదేండ్ల ప్రాయమున 1945లో ప్రకటించిన యొక వ్యాసముచేతనే ప్రపంచప్రఖ్యాతి నందిరి. 2023లో గణాంకశాస్త్రమునకు ఇచ్చు అంతర్జాతీయ బహుమానమును పొంది, ఆ యేడాదియే నూటరెండేండ్ల వయసున గతించిరి. ఆ గ్రంథమును వారు తమ తల్లి లక్ష్మీకాంతమ్మగారికి అంకితమిచ్చిరి. చిన్ననాడు ప్రతిదినము తెల్లవారుజామున నాలుగు గంటలకే తన్ను లేపి, చదువుకొనుటకు నూనెదీపము వెలిగించి యిచ్చిన తల్లి యని అందు తలచుకొనిరి. ఆమె పేరు ఆ గ్రంథము మొదట నున్నది.

ఇక మరల వర్తక సంస్థలోని మన పిల్ల దగ్గరకు వత్తము.

ఆమె దినములో అధికభాగము గొప్ప గొప్ప ప్రశ్నలతో గడచు ననుకొనరాదు. బియ్యము పొయ్యిమీదికి బోవుటకు ముందు చేటలో పోసి రాళ్లేరినట్లు, లెక్కలలోని తప్పులను ఏరుటతోనే ఆమెకు పూట గడచును. ఉదాహరణమునకు మన పేర్లనే చూడుడు. ఒకే ఇల్లాలు ఒక దుకాణమున "వెంకటలక్ష్మి" యనియు, మరియొక చోట "కె. వి. లక్ష్మి" యనియు, వివాహానంతరము అత్తవారి యింటిపేరుతో "పి. వేంకట లక్ష్మి" యనియు వ్రాయించుకొనును. యంత్రము దృష్టిలో వీరు ముగ్గురు స్త్రీలు. ఇందుకు విపరీతముగా, ఒకే పేరు గల యిద్దరు వేర్వేరు స్త్రీలను యంత్రము ఒక్కరినిగా కలిపివేయుటయు గలదు. చీరలు కొన్న లెక్కయైనచో దీనివలన పెద్దముప్పు లేదు. బ్యాంకులోనైనచో ఒకరు తీర్చని బాకీ మరియొకరి నెత్తిపై బడి, పాప మెరుగని యామెకు అప్పు పుట్టకుండ పోవును. అందుచేత రాళ్లేరు పని చిన్నదని తీసివేయరాదు.

తేదీలతోను ఇట్టి చిక్కే. 4-5 అని వ్రాసినచో మనకది మే నెల నాలుగవ తేదీ. అమెరికావారికి ఏప్రిల్ అయిదవ తేదీ. రెండు దేశముల లెక్కలు ఒక్కచోట కలిసినప్పుడు నెలలు తారుమారగును. ఖాళీగా విడిచిన గడుల సంగతి చెప్పనే యక్కరలేదు. పాలవాని లెక్కకు గోడమీది క్యాలెండరులో గుర్తు పెట్టుకొనువారికి ఇది బాగుగా తెలిసిన కష్టమే. పదునాల్గవ తేదీ గడిలో నేమియు లేదు. ఆనాడు పాలు పోయలేదా, పోసినను మనము వ్రాయ మరచితిమా? మొదటిదైనచో అది సున్న. రెండవదైనచో అది తెలియని సంఖ్య. ఈ రెంటిని ఒకటిగా నెంచి సగటు తీసినచో ఆ సగటు అబద్ధము చెప్పును. మంచి అనలిస్టు ఖాళీ గడిని చూచినప్పుడు దానిని సున్నతో పూరింపదు. లేచి వెళ్లి, ఆ లెక్క వ్రాసినవారిని అడిగి వచ్చును.

సగటులును మొత్తములును ఎట్లు మోసగించునో తెలియుటకు ఒక లెక్క చూతము. ఇది కల్పించినదే గాని, ఇట్టివి నిజముగా జరుగుచుండును. ఒక బట్టలకొట్టులో కమల, సీత అను ఇద్దరు స్త్రీలు అమ్మకము చేయుచున్నారనుకొందము. నెలలో నూరుమంది కమలను, నూరుమంది సీతను బేరమాడిరి. కమల చేతిమీదుగా డెబ్బదిమంది కొనిరి, సీత చేతిమీదుగా నలుబదియైదుగురే కొనిరి. యజమాని ఈ రెండంకెలను చూచి కమలకు జీతము పెంచి, సీతను మాన్పింపదలచెను.

కాని ఆ కొట్టులో రెండు బల్లలున్నవి. ఒకటి నూలుచీరలది, రెండవది పట్టుచీరలది. నూలుచీరకు వచ్చినవారు సాధారణముగా కొనియే పోవుదురు. పట్టుచీర కట్లు కాదు. పది కొట్లు తిరిగి, ఇంటిలో నాలోచించి, మరల వత్తురు, లేదా రారు. కమల నూలుబల్లవద్ద ఎనుబదిమందికి చూపగా 64 మంది, అనగా నూటికి 80 మంది కొనిరి. సీత అక్కడ ఇరువదిమందికే చూపగా 17 మంది, అనగా నూటికి 85 మంది లెక్కన కొనిరి. పట్టుబల్లవద్ద కమల ఇరువదిమందికి చూపగా ఆరుగురు, అనగా నూటికి 30. సీత ఎనుబదిమందికి చూపగా 28 మంది, అనగా నూటికి 35. నూలులోను సీతయే మేలు, పట్టులోను సీతయే మేలు. అయినను రెండు బల్లలను కలిపినచో సీత యోడిపోయినది! ఆమె లోపమెల్ల కష్టమైన బల్లవద్ద ఎక్కువసేపు నిలువబడుటయే.

ఎడ్వర్డ్ సింప్సన్ అను బ్రిటిషువాడు 1951లో ఈ విచిత్రమును గూర్చి వ్రాయుటచేత దీనికి ఆయన పేరు వచ్చినది. ఈ లెక్కను కాగితముమీద వేసికొని చూడుమని పాఠకురాండ్రను కోరుచున్నాను. కూడికలు, భాగహారములు తప్ప ఇందులో వేరేమియు లేదు. అయినను ఒక స్త్రీ జీవనము ఇందుమీద ఆధారపడియున్నది. "రెండు బల్లల లెక్క విడివిడిగా తీసితిరా?" అని యొక్క ప్రశ్న అడుగగల మనిషి ఆ కొట్టులో నున్నచో సీత ఉద్యోగము నిలుచును, లేనిచో పోవును.

ఇంతవరకు చెప్పినది బుద్ధికి సంబంధించినది. ఈ కొలువులో మనసునకు సంబంధించిన కష్టము మరియొకటి కలదు. యజమాని తరచుగా జవాబును ముందే నిశ్చయించుకొని, దానికి తగిన అంకెలను తెమ్మనును. తాను తెరిపించిన క్రొత్తశాఖ లాభములో నున్నదని వినగోరును. లెక్క అట్లు చెప్పదు. నెలలు మార్చియో, కొన్ని ఖర్చులను వేరొక పద్దున జూపియో అట్లు చెప్పించుట అసాధ్యము కాదు. క్రొత్తగా చేరిన యిరువదిరెండేండ్ల పిల్ల, పెద్దలముందు నిలిచి "అంకెలు అట్లు చెప్పుట లేదండీ" యని మెల్లగానైనను తడబడక చెప్పవలెను. ఎదురు చెప్పరాదని పెంచిన పిల్లలకు ఇది యెంత కష్టమో పెంచిన మనకే తెలియవలెను. ఆడుపిల్లకు నోరెందుకని మనము ఇంటిలో మాన్పించిన గుణమే అక్కడ ఆమెకు జీతము తెచ్చి పెట్టుచున్నది.

మరియొక బాధ్యతయు గలదు. ఎవరు ఏ మందులు కొనుచున్నారో, ఎవరి యింట అప్పు పేరుకొన్నదో ఆమె బల్లమీదనే యుండును. ఇరుగుపొరుగు కబుర్లకు ఇంతకంటె సామగ్రి యేమి కావలెను! ఇట్టి వ్యక్తిగత వివరముల రక్షణకై మన దేశమున 2023లో చట్టము చేయబడినది. చట్టము సంగతి యట్లుండగా, ఇంటికి వచ్చిన పిల్లను "ఎవరెవరి ఖాతాలు చూచితివే?" అని మనము అడుగకుండుట మేలు.

వర్తక సంస్థలో ఇట్టి కొలువు నిన్న మొన్న పుట్టినది కాదు. ఐర్లండు దేశమందలి డబ్లిను నగరమున బీరు కాచు గిన్నెస్ అను సంస్థవారు 1899లోనే విలియం గోసెట్ అను యువకుని పనిలో పెట్టుకొనిరి. ఆయన ఆక్సుఫర్డులో రసాయనశాస్త్రము, గణితము చదివినవాడు. ఏ పొలములోని బార్లీ మేలైనదో, నాలుగైదు మచ్చులు మాత్రమే చూచి యెట్లు నిర్ణయింపవచ్చును అనునది ఆయన ముందున్న ప్రశ్న. అన్నము ఉడికినదో లేదో ఒక్క మెతుకు పట్టి చూచిన చాలునని మన మందుము. కాని కుండలోని మెతుకులన్నియు ఒక్క నీటిలో ఒక్క మంటపై ఉడికినవి. పొలములట్లు కావు. కొద్ది మచ్చులనుబట్టి యెంతవరకు నమ్మవచ్చునో కొలుచు పద్ధతిని ఆయన కనిపెట్టి 1908లో ప్రకటించెను. ఉద్యోగులు తమ పేరుతో వ్యాసములు ప్రకటింపరాదని సంస్థవారి నిషేధ ముండుటచేత "స్టూడెంట్", అనగా విద్యార్థి, అను మారుపేరు పెట్టుకొనెను. నేటికిని ప్రపంచమంతట కళాశాలలలో ఆ పద్ధతిని విద్యార్థి పేరుననే నేర్పుదురు.

అదే సంస్థలో 1947లో స్టెల్లా కన్లిఫ్ అను స్త్రీ గణాంక పరిశీలకురాలుగా చేరెను. ఈమె కథ మన పాఠకురాండ్రు తప్పక యెరుగదగినది. 1917లో లండనులో జన్మించి, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్సులో చదివి, 1938లో పట్టము పుచ్చుకొని, యుద్ధకాలమున పందిమాంసము దిగుమతి చేయు డేనిషు వర్తక సంస్థలో పని చేసెను. 1945లో బాధితుల సేవకై గైడు దళముతో ఐరోపాకు బోయి, బెల్సెన్ నిర్బంధ శిబిరమున ప్రవేశించిన తొలి పౌరసేవకులలో నొకతెగా నిలిచెను. ఆ శిబిరమును చూచి వచ్చిన స్త్రీ, గిన్నెస్ సంస్థలో చేరిన క్రొత్తలో విన్న హితవు యేమనగా: సంస్థలోని పెద్ద యధికారులైన బ్రూయర్లు నడవలో ఎదురుపడినచో, వారిని గుర్తుపట్టినట్లు కనబడక, వారు దాటిపోవువరకు కన్నులు దించుకొని నిలువవలెనని! దీనిని ఆమె తరువాత నవ్వుచు చెప్పుకొనెను. కన్నులు దించుకొనుమని చెప్పబడిన యామె ఆ సంస్థలో కన్నులతో చేసిన పని చూడుడు.

ఆ కాలమున బీరును చేతితో చేసిన కొయ్యపీపాలలో నింపుచుండిరి. చేతిపని గనుక ఏ రెండు పీపాలును సరిగా నొక్క కొలత యుండవు. ప్రతి పీపాను వట్టిదిగా తూచి, నీటితో నింపి మరల తూచి, అందెంత పట్టునో లెక్కించి, నిర్ణీతమైన హద్దులకు లోబడినచో ఆమోదించి, లేనిచో త్రిప్పి పంపవలెను. ఈ తూనిక పని ఒక స్త్రీ చేయుచుండెను. ఆ కొలతలన్నిటిని కన్లిఫ్ ఒక పటముగా గీచి చూచెను. హద్దుకు సరిగా లోపల, అంచున నున్న పీపాలు ఉండవలసినదానికంటె చాల ఎక్కువ. హద్దు దాటి వెంటనే బయట నున్నవి మిక్కిలి తక్కువ. కొయ్యపని చేయువారికి ఆ హద్దు గీత కనబడదు గదా. పీపాలు ఆ గీతకు లోపలనే యెట్లు గుమిగూడినవి?

కాగితములలో సమాధానము దొరకదని గ్రహించి, తూనిక జరుగు చోటికి పోయి చూచిరి. ఆమోదించిన పీపాను ప్రక్కనే కదలు పట్టీమీదికి త్రోసిన చాలును. తిరస్కరించిన దానిని మాత్రము ఎత్తి పైన గుట్టమీదికి వేయవలెను. దినమెల్ల బరువైన పీపాలతో పెనుగులాడు స్త్రీ, ముల్లు వెంట్రుకవాసి ఇటో అటో యున్నప్పుడు, తనకు తెలియకయే "సరిపోయినది" అనుకొనును. ఆమె మోసము చేయలేదు. చేతులు నొచ్చినవి, అంతే.

మరియొకరైనచో ఆమెను మందలించియో, జరిమానా వేసియో యుందురు. కన్లిఫ్ సలహామీద తూనిక స్థలమును త్రిప్పిపంపు పీపాల తొట్టికి పైన నుండునట్లు మార్చిరి. ఇకమీద తిరస్కరించిన పీపాను కాలితో తన్నిన చాలును, క్రిందికి దొర్లిపోవును. అంచున గుమిగూడిన పీపాలు ఆ పిమ్మట పటమునుండి మాయమయ్యెను.

నేటి కొలువులకును ఈ కథ చక్కగా అన్వయించును. కొన్న వస్తువును త్రిప్పి యిచ్చినప్పుడు గుమాస్తా కంప్యూటరులో కారణము నమోదు చేయవలెను. వరుసలో మొట్టమొదట నున్న కారణమును నొక్కుట సులభము. "ఇతరములు" అని నొక్కినచో వివరము టైపు చేయవలెను. ముందు ఇరువదిమంది వరుసలో నిలిచియున్నారు. అతడు దేనిని నొక్కునో ఊహింపవచ్చును. సంవత్సరాంతమున ఆ లెక్కను చూచి, రంగు వెలసినందుననే జనులు చీరలు త్రిప్పి యిచ్చుచున్నారని నమ్మి, యజమాని నేతగానిపై కోపించును. అంకె పుట్టిన చోటికి బోయి చూచువారు లేనప్పుడు ఇట్టివి జరుగును.

ఇక ఈ పనికి కావలసిన చదువు మాట. గణితము, గణాంకము, అర్థశాస్త్రము, వాణిజ్యము వీనిలో దేనిలో పట్టము పుచ్చుకొన్నను దారి కలదు. ఎక్సెల్ మొదలగు పట్టికల సాధనములును, నిల్వయున్న లెక్కలనుండి కావలసినదానిని తీయు ఎస్.క్యూ.ఎల్. భాషయు నేర్వవలెను. అవి కొన్ని నెలల శ్రద్ధతో రాగల విద్యలే. పిల్లలు పెద్దవారైన పిమ్మట మరల ఉద్యోగము చేయగోరు గృహిణులకును ఇవి అందనివి కావు. కాని మూడునెలలలో ఉద్యోగము చేతిలో పెట్టెదమని వేలకు వేలు గుంజు శిక్షణశాలలు మన నగరములలో వీధి వీధికి వెలసినవి. అందు ప్రవేశించుటకు ముందు, అక్కడ చదివి ఉద్యోగమున చేరినవారిని స్వయముగా చూచి అడిగి తెలిసికొనుడు. యంత్రములే ఇప్పుడు లెక్కలు చేసి వ్యాఖ్యానము కూడ వ్రాయుచుండగా మనుష్యులతో పనియేమని కొందరు భయపడుచున్నారు. పట్టికలు నింపుట మాత్రమే చేయువారి పని తగ్గునను మాట నిజమే. పీపాల చోటికి నడచిపోవువారి పని తగ్గునని నాకు తోచదు.

కన్లిఫ్ గిన్నెస్ సంస్థలో 1970 వరకు పని చేసి, బ్రిటిషు ప్రభుత్వపు హోం శాఖకు మారి, 1972లో అక్కడ గణాంకముల డైరెక్టరు అయ్యెను. 1975లో రాయల్ స్టాటిస్టికల్ సొసైటీవారు ఆమెను అధ్యక్షురాలిగా నెన్నుకొనిరి. ఆ సంఘము 1834లో స్థాపింపబడినది. ఫ్లారెన్స్ నైటింగేల్‌ను తొలి స్త్రీ సభ్యురాలిగా 1858లో చేర్చుకొన్నది. ఆ యధ్యక్షపీఠముపై మొదటిసారి ఒక స్త్రీ కూర్చుండుటకు సంఘము పుట్టిన పిదప 141 సంవత్సరములు పట్టినది. ఆనాటి యధ్యక్షోపన్యాసములో ఆమె ఆ పీపాల వృత్తాంతమును, కన్నులు దించుకొనుమన్న హితవును రెంటిని సభవారికి వినిపించెను.